బాల్కనీలో నాలుగు టైర్లు

పోయినేడు వేసవిలో మా చిన్నోడి దగ్గరికి జపాన్ వెళ్ళొచ్చానని చెప్పాను కదా. బుల్లెట్ రైలు గురించి రాయండి, అక్కడి వంటల గురించి రాయండి అని చాలామంది అడిగారు. అవన్నీ ఇప్పటికే చాలామంది రాసేశారు. నేను రాయాల్సింది ఇంకోటుంది. ఏడాదిగా రాద్దామనుకుంటూనే వాయిదా వేస్తున్నాను.

మా వాడు యోకొహామాలో ఉంటాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఒక గది ఇల్లు. మా వారికి మోకాళ్ళ నొప్పులు, అంత దూరం కూర్చోలేనన్నారు. ఆవకాయ, కందిపొడి, సున్నుండలు సర్దుకుని నేనొక్కదాన్నే వెళ్ళాను. రెండో రోజు బట్టలారేద్దామని బాల్కనీలోకి వెళ్తే మూలన నీలం పట్టా కప్పి ఏదో ఉంది. ఎత్తి చూస్తే నాలుగు పాత టైర్లు! వీడికేమో కారు లేదు, ఆఫీసుకి రైల్లో వెళ్తాడు.

"ఎవరివిరా ఇవి?" అన్నాను.

"ఆఫీసులో ఒకతనివమ్మా. వాళ్ళింట్లో చోటు లేదంట" అన్నాడు చెవి గోక్కుంటూ.

రెండో క్లాసులో పలక పగలగొట్టి పక్క పిల్లాడి మీద చెప్పినప్పుడు కూడా వీడు ఇలాగే చెవి గోక్కున్నాడు. నేనేం మాట్లాడలేదు. రాత్రి పెరుగన్నం తినేటప్పుడు వాడే బయటపడ్డాడు. తనూ, ఆఫీసులో పనిచేసే ఒక జపాన్ అబ్బాయీ కలిసి పాత నిస్సాన్ సిల్వియా కారు కొన్నారట. అక్కడ బండి పెట్టుకోడానికి చోటుందని కాగితం చూపిస్తేగానీ కారు రిజిస్టర్ చెయ్యరట. అందుకని బండి ఊరి బయట ఆ అబ్బాయి వాళ్ళింట్లో ఉంటుంది. నెలకోసారి ట్రాక్ మీదకి తీసుకెళ్ళి డ్రిఫ్టింగ్ చేస్తారట.

"అంటే?"

ఫోన్‌లో వీడియో చూపించాడు. కారు మలుపులోకి ఎదురుగా కాకుండా పక్కకి జారుకుంటూ వెళ్తోంది. వెనక చక్రాల నుంచి తెల్లటి పొగ. ముందు చక్రాలు ఒకవైపు తిరిగున్నాయి, బండి ఇంకోవైపు పోతోంది. కల్లాపి చల్లిన వాకిట్లో సైకిల్‌కి గట్టిగా బ్రేకేస్తే వెనక చక్రం కొట్టుకుపోతుంది చూడండి, అచ్చం అలా. కాకపోతే వీళ్ళు కావాలని జారుస్తారు. పడిపోకుండా ఆ జారుడులోనే మలుపంతా తిరుగుతారు.

నేను కంచం తీసుకుని లేచి వెళ్ళి కడిగేశాను. మళ్ళీ కడిగాను.

మీలో పాతవాళ్ళకి నాకో తమ్ముడుండేవాడని తెలుసు. ఇరవై రెండేళ్ళకి పోయాడు. లారీ గుద్దిందని మా ఇంట్లో చెప్పుకుంటాం. మా పిల్లలకీ అదే చెప్పాం. లారీ ఉన్నమాట నిజమే. కానీ ఆ రాత్రి మా వాడు ముగ్గురు స్నేహితులతో సామర్లకోట రోడ్డు మీద బైకు పందెం వేశాడు. లారీ దాని దారిన అది వస్తోంది. మా అమ్మ చనిపోయేవరకూ ఆ డ్రైవర్‌ని తిడుతూనే ఉంది. నిజం తెలిసిన నాన్నా, నేనూ నోరెత్తలేదు.

కాబట్టి ఆ రాత్రి నాకు నిద్రెలా పడుతుంది చెప్పండి.

వాడికీ నా మౌనం బాగా తెలుసు. శనివారం పొద్దున్నే, "అమ్మా, నీకో కొండ చూపిస్తాను రా" అని గున్మా వైపు తీసుకెళ్ళాడు. ముందు ఇకాహో అనే ఊళ్ళో ఆగాం. వేడినీళ్ళ ఊటల ఊరది. మధ్యలో 365 రాతి మెట్లు, అటూ ఇటూ కొట్లు. మన సింహాచలం మెట్లలాగా పైకి ఎక్కుతూ పోవడమే. అక్కణ్ణుంచి హరునా కొండకి ఘాట్ రోడ్డు. పైన చెరువు, చెరువు పక్కన చిన్న సైజు ఫుజీ పర్వతంలా ఒక శిఖరం.

ఈ ఘాట్ రోడ్డుకి ఓ కథ ఉంది. 'ఇనిషియల్ డి' అని ఒక బొమ్మల కథ 1995లో మొదలై 2013 దాకా వారపత్రికలో వచ్చింది. రాసి బొమ్మలు వేసింది షిగెనో షూయిచి అనే ఆయన. కథలో కొండ పేరు అకినా అని మార్చాడుగానీ అది ఈ హరునానే. నాయకుడు హైస్కూలు పిల్లాడు. నాన్నది టోఫూ కొట్టు. టోఫూ అంటే సోయా పాలతో చేసే మెత్తటి పన్నీరు లాంటిది. తెల్లారకుండా ఆ టోఫూని కొండమీది హోటళ్ళకి పాత టొయోటా కారులో చేరవెయ్యడం పిల్లాడి పని. వాళ్ళ నాన్న కారులో గ్లాసు నిండా నీళ్ళు పోసి పెడతాడు. నీళ్ళు తొణక్కూడదు. నీళ్ళు తొణికితే టోఫూ చితికినట్టే. అలా రోజూ కొండెక్కి దిగీ దిగీ వాడికి తెలీకుండానే ఎవరూ ఓడించలేని డ్రైవరైపోతాడు.

నాకు కారు సంగతి ఎక్కలేదుగానీ నీళ్ళ గ్లాసు సంగతి బాగా ఎక్కింది. మా నాయనమ్మ చెరువు నుంచి నెత్తిన బిందె, చంకన బిందె పెట్టుకుని గట్టెక్కి వచ్చేది, చుక్క ఒలికేది కాదు. ఆ మాటే వాడితో అన్నాను.

"అదేనమ్మా డ్రిఫ్టింగంటే. చూసేవాళ్ళకి అదుపు తప్పినట్టు ఉంటుంది, కానీ తప్పదు" అన్నాడు.

"మీ అమ్మమ్మగారి అత్తగారు గంటకి నూరు మైళ్ళు నడిచేది కాదురా" అన్నాను. ఇద్దరం నవ్వాం. వారం రోజుల్లో మేం నవ్వుకోవడం అదే మొదలు.

దిగేటప్పుడు మిగతా చరిత్ర చెప్పాడు. 1970ల్లో తకహాషి కునిమిత్సు అని ఒక రేసర్ ఉండేవాడు. అంతకు ముందు మోటార్ సైకిల్ రేసుల్లో పేరు తెచ్చుకున్నాడు. 1961లో ప్రపంచ స్థాయి గ్రాండ్ ప్రీ గెలిచిన మొదటి జపాన్ మనిషి ఆయనే. ఆయన కారు రేసుల్లో మలుపుల్ని ఇలా జారుతూ తిప్పేవాడట. అది చూసి త్సుచియా కెయిచి అనే కుర్రాడు కొండ రోడ్ల మీద సాధన చేశాడు. 1987లో అతని డ్రైవింగ్ మీద వచ్చిన వీడియో దేశమంతా తిరిగింది. అతన్నే డ్రిఫ్ట్ కింగ్ అంటారు. ఊరూరా కుర్రాళ్ళు అర్ధరాత్రి ఘాట్ రోడ్లెక్కడం మొదలుపెట్టారు.

"పోలీసులు ఊరుకున్నారా?"

"ఊరుకోలేదు. రోడ్డు మీద చెయ్యడం నేరం. చాలా కొండల మీద మలుపుల దగ్గర కావాలనే గతుకులు వేశారు. ఇదిగో, ఇప్పుడు కారు టకటకమంది చూడు."

"పోయినవాళ్ళు లేరా?"

వాడు రోడ్డు వైపే చూస్తూ, "ఉన్నారమ్మా" అన్నాడు. అబద్ధం చెప్పనందుకు లోపల కొంచెం ఊపిరి తీసుకున్నాను.

రోడ్ల మీది ఆ గొడవ నుంచే 2000 ప్రాంతంలో 'డీ వన్' అని పద్ధతైన పోటీలు పుట్టాయి. ఇందులో ఎవరు ముందొచ్చారన్నది లెక్క కాదు. ఎంత వేగంగా వచ్చాడు, బండిని ఎంత కోణంలో తిప్పాడు, గీసిన దారిలోనే వెళ్ళాడా అని చూసి మార్కులేస్తారు. చివరి రౌండ్లలో రెండు కార్లు జంటగా వెళ్తాయి. ముందు కారు ఎలా ఊగితే వెనక కారు అలాగే ఊగాలి, తగలకూడదు. కోలాటమే అనుకోండి, కర్రల బదులు కార్లు.

ఆ తర్వాతి వారం అసలు చోటుకి తీసుకెళ్ళాడు. ఫుకుషిమా జిల్లా నిహొన్‌మత్సు దగ్గర కొండల్లో ఎబిసు సర్క్యూట్. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. దాని పక్కనే సఫారీ పార్కుంది. ఇటు కార్ల అరుపులు, అటు సింహాలు! 2021 ఫిబ్రవరిలో భూకంపం వచ్చినప్పుడు ఇక్కడ కొండచరియ విరిగి ట్రాక్ మీద పడిందట. మళ్ళీ బాగుచేసుకున్నారు. మత్సురి అంటే మన జాతర లాంటిది. ఇక్కడ డ్రిఫ్ట్ మత్సురి అని కూడా చేస్తారు, వేరే దేశాల నుంచీ వస్తారట. మేం వెళ్ళింది మామూలు సాధన రోజే.

పెద్ద పెద్ద ఖరీదైన కార్లుంటాయనుకున్నాను. ఒక్కటి కూడా సరిగ్గా లేదు! తలుపొక రంగు, బానెట్ ఇంకో రంగు. పగిలిన బంపర్లని ప్లాస్టిక్ టైలతో కుట్టేశారు. నేను వంగి మరీ చూశాను. గోనెసంచి కుట్టినట్టు వరసగా, చక్కగా ఉన్నాయి కుట్లు. వెనక సీటు తీసేసి టైర్లు కుక్కుకొచ్చారు. ఒక రోజులో ఎన్ని అరుగుతాయో లెక్క లేదు, అందుకే పాత టైర్లే వాడతారు. మా బాల్కనీ రహస్యం అప్పుడు పూర్తిగా విడిపోయింది. ఒకడి బండి పాడైతే పక్కవాడు తన పని ఆపి కింద దూరుతున్నాడు. మధ్యాహ్నం చిన్న స్టవ్వుల మీద నూడుల్స్ ఉడికించుకున్నారు. నేను పట్టుకెళ్ళిన పులిహోర అయిదు నిమిషాల్లో అయిపోయింది. సాయంత్రం వెళ్ళేటప్పుడు ఎవరి చెత్త వాళ్ళు సంచుల్లో కట్టుకుపోయారు.

అక్కడే ఆ జపాన్ అబ్బాయి వాళ్ళమ్మ కనిపించింది. నా వయసే ఉంటుంది. మడత కుర్చీ, ఎండ టోపీ, డబ్బాలో అన్నం ముద్దలు. నాకు కుర్చీ వేసింది. మా వాడు మధ్యలో మాటలు అందించాడు.

"మీకు భయం లేదా?" అని అడిగించాను.

ఆవిడ చాలాసేపు ఆలోచించి చెప్పింది. మా వాడు తెలుగులో చెప్పిందేమిటంటే, "మా ఆయన కుర్రతనంలో రాత్రిళ్ళు కొండకి పోయేవాడు. ఎక్కడున్నాడో తెలిసేది కాదు. వీడు ఎక్కడున్నాడో తెలుసు, అందుకే వస్తాను. భయం లేక కాదు."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. అక్కడ అలా పట్టుకోరని తర్వాత తెలిసింది. ఆవిడైతే విడిపించుకోలేదు.

నాలుగింటికి మా వాడు హెల్మెట్ తెచ్చి, "ఎక్కుతావా అమ్మా?" అన్నాడు. ఎక్కనన్నాను. మళ్ళీ నేనే లేచాను. ఎందుకో ఇప్పటికీ తెలీదు. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ కింద దోపుకుని కూర్చున్నాను, బెల్టు భుజాల మీంచి బిగించాడు. మొదటి మలుపు దగ్గర బండి ఒక్కసారి పక్కకి వాలింది. కడుపులో పేగులు గొంతులోకొచ్చాయి. నేను ఎదురుగా అద్దంలోంచి చూస్తున్నాను, అక్కడ గోడ ఉంది. రోడ్డు ఏదిరా దేవుడా అని చూస్తే పక్క కిటికీలో ఉంది! మా వాడు తల పక్కకి తిప్పి ఆ కిటికీలోంచి, వెళ్ళాల్సిన చోటు వైపే చూస్తున్నాడు. స్టీరింగు దానంతటదే గిరగిరా తిరుగుతోంది, వీడు వేళ్ళ సందుల్లోంచి వదిలి మళ్ళీ పట్టుకుంటున్నాడు. ముఖంలో తొందర లేదు. ముగ్గు పెట్టేటప్పుడు మా అమ్మ ముఖం అలా ఉండేది.

మూడు చుట్లు తిప్పి ఆపాడు. కారు నిండా కాలిన రబ్బరు వాసన. నాకు చేతులు వణుకుతున్నాయి. బాగుందని చెప్పను, బాగాలేదు. కానీ దిగకుండా అలాగే కూర్చుని, ఇంజిను ఆపమని, వాడికి మామయ్య సంగతి చెప్పాను. లారీ సంగతి, పందెం సంగతి, నాన్న మౌనం, అమ్మ తిట్లు, అన్నీ.

వాడు హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని విన్నాడు. చాలాసేపటికి, "మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేంటమ్మా?" అన్నాడు.

"నువ్వు కారు సంగతి ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు భయపడతావని."

"నేనూ అందుకేరా."

ఆ మాట అన్నాక నాకే సిగ్గేసింది. పిల్లాడు భయపడతాడని కాదు, మా తమ్ముడిదే తప్పని నా నోటితో అనలేక చెప్పలేదు. అదీ వాడికి చెప్పాను. ఏడుపొచ్చింది. ఆ జపాన్ ఆవిడ దూరం నుంచి చూసి, కార్లోంచి దిగి ఎవరైనా ఏడిస్తే సహజమే అన్నట్టు మంచినీళ్ళ సీసా తెచ్చిచ్చింది.

మానెయ్యమని అడగలేదు. అడిగితే మానడు, చెప్పడం మానేస్తాడు. రెండు మాటలు తీసుకున్నాను. ట్రాక్ మీద తప్ప రోడ్డు మీద ఒక్క మలుపు కూడా జారకూడదు. వెళ్ళే రోజు ముందు చెప్పాలి, ఇల్లు చేరాక మెసేజ్ పెట్టాలి. తిరిగొచ్చాక మా వారికి కూడా అన్నీ చెప్పేశాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, "ఆ టోఫూ కుర్రాడి కథ ఏదో అన్నావ్, ఎక్కడ దొరుకుతుంది?" అన్నారు.

నిన్న ఆదివారం వాడు ట్రాక్‌కి వెళ్ళాడు. వాళ్ళకి రాత్రి తొమ్మిదయ్యేసరికి మనకి అయిదున్నర. టీ పెట్టుకుని ఫోన్ ఎదురుగా పెట్టుకున్నాను. ఆరైంది, రాలేదు. ఆరుంపావు. టీ తొరక కట్టింది. ఆరున్నరకి వచ్చింది: "ఇంటికొచ్చేశా. రెండు టైర్లు పోయాయి, నేను బాగున్నా."

లేచి టీ వేడి చేసుకున్నాను.