జిక్కి జంటపాటల గొంతు మాత్రమేనా?

మా రైల్వే ఊరి తెలిపారాలో తెలుగు పెళ్లంటే 'మురారి' పాట మోగాల్సిందే. అలనాటి రామచంద్రుడి పాట. అందులో సునీత, సంధ్యలతో కలిసి పాడింది జిక్కి అని చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు. 1943లో 'పంతులమ్మ'తో మొదలైన గొంతు 2001లోనూ అంత తాజాగా వినిపించింది మరి!

చంద్రగిరిలో కృష్ణవేణిగా పుట్టిన జిక్కిని మనం ఎక్కువగా యుగళగీతాల గాయనిగానే గుర్తుంచుకున్నాం. 'అనార్కలి', 'సువర్ణసుందరి'లలో ఘంటసాలతో, మరెన్నో చిత్రాల్లో భర్త ఏ.ఎం. రాజాతో. సువర్ణసుందరి రాగమాలికలో రాగం మారిన ప్రతిచోటా ఘంటసాలకు దీటుగా నిలబడుతుంది. హిందీలో అదే బాణీని లతా, రఫీ పాడారు. నా చెవికి మాత్రం మన జంటే ఇష్టం.

అమెరికాలో గాయని టామీ టెరెల్‌దీ ఇలాంటి కథే. మార్విన్ గేతో పాడిన పాటలే ఆమె పేరైపోయాయి. 1970లో, 24 ఏళ్లకే బ్రెయిన్ ట్యూమర్‌తో పోయింది.

జిక్కికి దెబ్బ మరోలా తగిలింది. 1989లో వళ్లియూరు స్టేషన్‌లో రాజా రైలు ప్రమాదంలో పోయారు. రైల్వే ఊరివాళ్లం కదా, ఆ సంగతి చదివినప్పుడల్లా గుండె కలుక్కుమంటుంది. అయినా ఆమె పాట ఆపలేదు. 2004 ఆగస్టులో చెన్నైలో కన్నుమూసింది.

జంటపాటలు ఎలాగూ వింటారు. ఈసారి 'రోజులు మారాయి'లో వహీదా రెహమాన్ ఆడిన ఏరువాక పాట, 'పెళ్లికానుక'లో రాజా బాణీకి ఆమె ఒక్కతే పాడిన పాట వినండి. పిల్లలకూ వినిపించండి.