ఎవరి పరువు?

2012లో ఒక ఉదయం మడకశిరలో మా ఇంటికి పోలీసు వచ్చి సమన్లు ఇచ్చి వెళ్ళాడు. వీధంతా చూసింది. కాగితంలో ఏముందో తెలియకముందే మా అత్తమ్మ తలుపు వేసేసింది.

నేను చేసిన నేరం ఒక పత్రికలో అరపేజీ వ్యాసం. ఉపాధి హామీ పథకాన్ని దేశంలో మొదట ప్రారంభించింది మా అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే, 2006 ఫిబ్రవరి 2న. ఆరేళ్ళ తర్వాత మా దగ్గరి ఒక ఊళ్ళో మట్టిపని చేసిన ఆడవాళ్ళు, తమ కూలి వేరేవాళ్ళ పేర్ల మీద పోయిందని మస్టర్ కాపీ తెచ్చి చూపించారు. అదే రాశాను. ఎవరి పేరూ పెట్టలేదు. అయినా ఒక నాయకుడు తన పరువు పోయిందంటూ ఐపీసీ 500 కింద ప్రైవేటు కేసు వేశాడు. అదీ మడకశిరలో కాదు, రెండు బస్సులు మారి వెళ్ళాల్సిన ఊళ్ళో. పత్రిక అమ్ముడైన చోటల్లా పరువు పోయిందని చెప్పుకోవచ్చట!

"ఆయనకు గెలవాలని లేదు మేడమ్. మీరు తిరగాలి, అంతే" అన్నాడు మా ప్లీడరు మొదటిరోజే.

తిరిగాను. వాయిదా రోజు నాలుగింటికి లేచి, వంట చేసి, పాపకు జడ వేసి హిందూపురం బస్సెక్కేదాన్ని. కాలేజీకి సెలవు, ప్లీడరుకు ఫీజు. మధ్యాహ్నం దాకా కోర్టు వరండాలో నిలబడితే ఒక్క నిమిషంలో ఇంకో తేదీ. మగవాడు కోర్టుకు పోతే అది వ్యవహారం, ఆడది పోతే అప్రతిష్ఠ. "యాలమ్మా నీకీ రాతలు?" అని అత్తమ్మ ఒక్కసారే అడిగింది. చుట్టాలు ప్రతి పెళ్ళిలోనూ అడిగారు.

మస్టర్ కాపీని ప్రతి వాయిదాకూ బ్యాగులో పెట్టుకుని వెళ్ళాను. రెండేళ్ళలో ఎవరూ చూపించమనలేదు. చివరికి ఫిర్యాది రావడం మానేశాడు కాబట్టి నన్ను విడుదల చేశారు. నేను రాసింది నిజమా కాదా అన్నది ఎవరూ తేల్చలేదు.

ఇలాంటి దావాలకు అమెరికాలో 1980లలో జార్జ్ ప్రింగ్, పెనెలోప్ కానన్ అనే ఆచార్యులు 'స్లాప్' అని పేరు పెట్టారు. చెంపదెబ్బే మరి. నటి ఖుష్బూ 2005లో పెళ్ళికి ముందు సంబంధాల గురించి ఒక అభిప్రాయం చెప్పినందుకు ఆమె మీద 23 కేసులు పడ్డాయి. సుప్రీంకోర్టు వాటిని కొట్టేసేసరికి 2010 వచ్చింది. తనను వేధించాడని చెప్పిన ప్రియా రమణిపై అప్పటి కేంద్రమంత్రి ఎం.జె. అక్బర్ 2018లో పరువునష్టం కేసు వేశాడు. 2021లో ఆమెను విడుదల చేస్తూ ఢిల్లీ కోర్టు, ప్రతిష్ఠ హక్కు కోసం స్త్రీ గౌరవాన్ని బలిపెట్టలేమంది. ఆ మాట వినడానికి ఆమె రెండేళ్ళకు పైగా కోర్టు మెట్లెక్కింది. 2016లో సుప్రీంకోర్టు ఈ నేరాన్ని చట్టంలో ఉండనిచ్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మీడియాపై ఫిర్యాదు చేసే అధికారాన్ని జీవో 2430తో శాఖల కార్యదర్శులకు ఇచ్చింది. 2024 జూలై నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయసంహిత వచ్చింది. పరువునష్టం మాత్రం 356వ సెక్షన్‌గా అలాగే ఉంది.

ఇంతకీ చట్టం కాపాడేది ఎవరి పరువు? మస్టర్ తెచ్చిన ఆమెను ఊళ్ళో నానా మాటలూ అన్నారు. ఆమె కోసం ఏ సెక్షనూ కదల్లేదు. కేసు వేయాలంటే ఫీజులకు డబ్బుండాలి, తిరగడానికి తీరికుండాలి. ఆ రెండూ ఉన్నవాళ్ళదే పరువు.

ఒక సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. కేసు నడుస్తుండగా ఆ ఊరివాళ్ళు ఎండిన బోర్ల బిల్లుల విషయం రాయమని మళ్ళీ వచ్చారు. "చూద్దాం" అన్నాను. రాయలేదు. కోర్టు నన్ను శిక్షించలేదు గానీ ఆయనకు కావలసింది దొరికింది. కేసు పోయాక కూడా ప్రతి వాక్యం దగ్గరా 'ఇది ఎవరికి తగులుతుంది?' అని ఆగడం అలవాటైపోయింది.

ఒక వాయిదాకు మాత్రం ఆమె నాతో వచ్చింది. సాక్షిగా కాదు, ఊరికే తోడుగా. వరండాలో పక్కన కూర్చుని, తెచ్చుకున్న సద్దిలో సగం నాకు పెట్టింది. ఆరోజు కూలి పోగొట్టుకుంది. నాకు భయం తగ్గింది ఆ ఒక్క వాయిదాలోనే. మనలో ఎవరికి సమన్లు వచ్చినా సంతకాల ప్రకటన ఇస్తాం, మంచిదే. వాయిదా రోజున ఎవరు వెళ్ళి పక్కన కూర్చుంటారో కూడా అప్పుడే అనుకుంటే బాగుంటుంది.