శ్వేతకేతువు చేతిలోని మర్రిపండు

ఛాందోగ్యోపనిషత్తు షష్ఠాధ్యాయంలో ఉద్దాలక ఆరుణి తన కుమారుడైన శ్వేతకేతువుకు చేసిన బోధ ప్రసిద్ధమైనది. పన్నెండవ ఏట గురుకులానికి వెళ్ళి, ఇరువదినాలుగవ ఏట సకల వేదాలనూ అధ్యయనం చేసి, విద్యాగర్వంతో ఇల్లు చేరిన ఆ బ్రహ్మచారి తండ్రి వేసిన ఒక్క ప్రశ్నకు నిరుత్తరుడయ్యాడు. అప్పుడు ఉద్దాలకుడు ఉపన్యాసంతో సరిపెట్టలేదు. కుమారునిచేత పదిహేను దినాలు అన్నం మాన్పించి, నీటిని మాత్రం త్రాగనిచ్చి, ఆపై వేదం చెప్పమన్నాడు. అధీతమైన వేదం జ్ఞప్తికి రాలేదు. మర్రిపండు తెమ్మన్నాడు, పగులగొట్టమన్నాడు, లోని గింజను సైతం పగులగొట్టి ఏమి కనబడుతున్నదో చెప్పమన్నాడు. రాత్రి నీటిలో ఉప్పు వేయించి, తెల్లవారిన పిమ్మట పైభాగాన, మధ్యన, అడుగున రుచి చూపించాడు. ఈ ప్రకరణంలోని తత్త్వార్థం విషయంలో అద్వైతులకు, ద్వైతులకు శతాబ్దాల వివాదం ఉన్నది. బోధనాక్రమం విషయంలో మాత్రం ఎవరికీ వివాదం ఉండవలసిన పని లేదు. శిష్యుని చేయి కదిలింది, నాలుక రుచి చూసింది, ఆ పిమ్మటనే గురువు మాట పలికాడు.

ఈ ఉపాఖ్యానం జహీరాబాదు ప్రాంతంలో నేడు స్మరణీయం కావడానికి కారణం ఉన్నది. ఇచటి ఇండ్లలో ఇంటర్మీడియట్ ముగించిన పిల్లలలో అనేకులు ఇంజనీరింగు కోసం సంగారెడ్డి వైపు, హైదరాబాదు శివార్ల వైపు, సరిహద్దు దాటి బీదరు వైపు వెళుతున్నారు. చెరకు తోటల మీద, అల్లం పంట మీద తెచ్చిన అప్పు ఆ చదువులో కలిసి ఉంటుంది. పట్టణంలోనే మహీంద్రా ట్రాక్టర్ల కర్మాగారం ఉన్నది. 65వ జాతీయ రహదారి మీద హైదరాబాదు దిక్కుగా వెళితే కంది వద్ద ఐఐటీ ఉన్నది. 2008లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారపు ఆవరణలో తాత్కాలికంగా ఆరంభమై 2015లో కందికి తరలిన సంస్థ అది. ఇన్ని సాధనాల నడుమ నాలుగు సంవత్సరాలు చదివిన బాలుడు ఇంటికి ఏమి తెచ్చుకొంటున్నాడన్నది ఆ అప్పు తీర్చే తండ్రి ప్రశ్న.

పతంజలి మహాభాష్యపు ఆరంభంలోనే విద్య నాలుగు కాలాలలో ఉపయుక్తమవుతుందని చెప్పాడు: గురుముఖతః గ్రహించే ఆగమకాలం, తనకు తాను మననం చేసుకొనే స్వాధ్యాయకాలం, ఇతరులకు చెప్పే ప్రవచనకాలం, కర్మలో వినియోగించే వ్యవహారకాలం. ఇంజనీరింగు విద్యలో చిరకాలంగా తొలి కాలమే తక్కిన మూడింటినీ మ్రింగివేసినది. యంత్రశాస్త్ర విద్యార్థి మొదటి సంవత్సరమంతా గణితం, భౌతికం, రసాయనం చదివి, యంత్రాన్ని ముట్టకుండానే రెండవ సంవత్సరంలో అడుగుపెట్టడం వింత కాదు. వ్యవహారకాలానికి ప్రతినిధిగా అంత్య సంవత్సరంలో ప్రాజెక్టు అని ఒకటి మిగిలినది. అమీర్‌పేట వీధులలో అది కూడా సిద్ధవస్తువుగా అమ్ముడుపోతుంది. కొన్న ప్రాజెక్టు మీద తన పేరు వ్రాసుకొనడం అనృతం. విద్యాసమాప్తి వేళ శిష్యునికి ఆచార్యుడు ఉపదేశించే మొదటి ధర్మం సత్యమని తైత్తిరీయ శీక్షావల్లి చెబుతున్నది. ఇచట అసత్యమే విద్యాసమాప్తికి ద్వారమైనది. దీనిని చిన్న లోపంగా చూడడం కుదరదు. రేపు అతడు లెక్క కట్టిన వంతెన మీద జనం నడుస్తారు.

ఈ దోషాన్ని పెద్దలు గమనించలేదని చెప్పడం న్యాయం కాదు. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి 2018లో ప్రకటించిన నమూనా పాఠ్యప్రణాళిక 220 దాకా ఉండిన క్రెడిట్ల భారాన్ని 160కి దించినది. ప్రవేశించిన విద్యార్థికి మూడు వారాల ప్రారంభ కార్యక్రమాన్ని, పిదప ఇంటర్న్‌షిప్పును విధించినది. కంది ఐఐటీ వారు ఫ్రాక్టల్ పద్ధతి అనే మరొక మార్గం త్రొక్కారు. సెమిస్టరు పొడుగునా సాగే పెద్ద కోర్సును ఖండించి, అర క్రెడిటు, ఒక క్రెడిటు చొప్పున చిన్న కోర్సులుగా కూర్చడం దాని స్వరూపం. తన శాఖ ఎట్టిదో విద్యార్థి తొలినాడే రుచి చూడగలడు. కళలకు, మానవ శాస్త్రాలకు సైతం అందులో చోటు ఉన్నది. ఉప్పునీటిని ముందు రుచి చూపించిన ఉద్దాలకుని మార్గానికి ఇది సమీపం. బాసరలో 2008లో స్థాపితమైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పదవ తరగతి ముగించిన గ్రామీణ బాలబాలికలను తీసుకొని ఆరేండ్లు ఒకే చోట చదివిస్తున్నది. జ్ఞానసరస్వతీ సన్నిధిలో అక్షరాభ్యాసం జరిగే ఊరిలోనే ఈ ప్రయోగం జరగడం సముచితం.

అయితే పాఠ్యప్రణాళిక పాత్ర వంటిది. అందులో పోసేవాడు ఆచార్యుడు. క్రెడిట్లు తగ్గించిన ఆ 2018లోనే ఒక్క అధ్యాపకునికి పదిహేనుగురు విద్యార్థులన్న ప్రమాణాన్ని ఇరువదిగురికి పెంచారు. ఒక చేత ఇచ్చి మరొక చేత తీసుకొన్నట్లైనది. మిగిలిన అధ్యాపకుడు చేస్తున్నదేమి? 2014లో భారతదేశం వాషింగ్టన్ ఒప్పందంలో పూర్ణ సభ్యత్వం పొందిన నాటినుండి గుర్తింపు కోసం ప్రతి పాఠానికీ ఫలితాలు వ్రాసి, పట్టికలు నింపడం ప్రబలమైనది. పద్ధతి స్వతః చెడ్డది కాదు. మంత్రజపానికి ముందు ఋషి, ఛందస్సు, దేవతలను చెప్పుకొనడం విహితం. కానీ వినియోగం మాత్రం సాంగంగా చదివి, మంత్రం జపించక లేచిపోతే దానిని జపమని ఎవరూ అనరు.

కంఠస్థం చేయడాన్ని నిందించడం నేటి ఆచారం. ఆ నింద సగమే సత్యం. అర్థమెరుగక వేదం మోయువానిని యాస్కుడు నిరుక్తంలోనే భారవాహి అయిన స్తంభంతో పోల్చాడు. ఆ మాట వేదపాఠశాలలకు కూడా తగులుతుంది. కానీ సంత చెప్పే గురువు ఒక్కొక్క శిష్యుని ఒక్కొక్క స్వరాన్ని విని, తప్పితే అక్కడనే ఆపి దిద్దుతాడు. క్రమపాఠంలో ప్రతి పదం వెనుకటి పదంతో, ముందరి పదంతో ముడిపడుతుంది. గణిత తరగతిలో నేర్చిన సమీకరణానికి విద్యుత్తు తరగతిలో ముడి వేసేవాడు లేకపోవడమే ఇంజనీరింగు కంఠపాఠపు దౌర్భాగ్యం.

ముడి వేయడానికి జహీరాబాదు పొలాలలో వస్తువుకు కొదవ లేదు. మూడు ఫేజులలో ఒకటి పోతే బోరుమోటారు తిరుగుతూనే ఉండి, తక్కిన రెండు తీగలలో ప్రవాహం హెచ్చి, వేడెక్కి, చుట్ట కాలిపోతుంది. మరల చుట్టించడానికి రైతు మెకానిక్కు వద్దకు మోసుకొనిపోతాడు. అంతలో చెరకు ఎండుతుంది. అట్టి కాలిన మోటారును తొలి సెమిస్టరు విద్యార్థి ముందు ఉంచి, విప్పమని, ఏ చుట్ట నల్లబడినదో చూడమని, ఎందుకో చెప్పమని అడిగితే అది న్యగ్రోధఫలమే. కారణం తెలిసిన పిమ్మట దానిని ఇంటికి వెళ్ళి తండ్రికి చెప్పాలి, అది ప్రవచనకాలం. 2021లో తెలుగు మొదలైన భాషలలో ఇంజనీరింగు బోధనకు మండలి అనుమతించిన నాటినుండి భాష గురించి వాదాలు అనేకం జరుగుతున్నాయి. వాటిని తేల్చడానికి స్టార్టరు డబ్బా దగ్గర నిలబడిన ఆ రైతుకంటె మంచి పరీక్షాధికారి దొరకడు. ఫేజు పోయినప్పుడు మోటారు తనంతట తాను ఆగిపోవడానికి ఏమి బిగించాలి, దానికి ఎంత ఖర్చవుతుంది అని అతడు తప్పక అడుగుతాడు.