వాంతి బిళ్ళ వేసుకునే ముందు



పత్తి మీద, మిరప మీద మందులు కొట్టే రోజులు వచ్చాయి. ఈ రోజుల్లో మన ఇళ్ళలో ఎక్కువగా కనబడేది వాంతుల బిళ్ళ. బస్సెక్కే ముందు ఒకటి, పొలంలో వికారం పెడితే ఒకటి, చంటిబిడ్డ కక్కితే అరముక్క. నేను డాక్టర్ని కాను, వాక్యం చెప్పేవాణ్ణి. కానీ జబ్బు చేస్తే చాలామంది ముందు పాస్టరుకే ఫోను చేస్తారు గనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

"ప్రార్థన ఉండగా మందెందుకు అయ్యగారూ?" అని అడిగేవారున్నారు. తిమోతికి రాసిన మొదటి పత్రిక అయిదో అధ్యాయం తెరవండి. కడుపు జబ్బుతో తరచు బలహీనపడే ఆ యౌవనస్థుడికి పౌలు ఆ కాలపు మందు చెప్పాడు. ఎవరికి, ఏ జబ్బుకు, ఎంత అన్నది కూడా చెప్పాడు. ఆ వచనం చూపించి సీసా పట్టేవారు 'కొంచెం' అన్న మాటనే దాటేస్తారు. బిళ్ళల విషయంలో కూడా మనం చేస్తున్నది అదే. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ అమ్మగారు సువార్తనూ వైద్యాన్నీ విడదీయలేదు. ఆమె పేరున్న ఆసుపత్రి గుంటూరులో ఉంది.

కొన్నేళ్ళ క్రితం ఒక రాత్రి పక్క ఊరివాళ్ళు నన్ను పిలిచారు. పదిహేనేళ్ళ పిల్లకు దయ్యం పట్టిందన్నారు. వెళ్ళి చూస్తే మెడ ఒక పక్కకు తిరిగిపోయింది, కళ్ళు పైకి నిలబడ్డాయి, నాలుక మడతపడి మాట రావడం లేదు. కానీ పిల్లకు స్పృహ ఉంది, భయంతో ఏడుస్తోంది. పొద్దుట్నించి ఏం మందులు వేశారని అడిగాను. వాంతులకు సూది వేయించి, మళ్ళీ బిళ్ళలు కూడా వేశారట. చీటీ మీద మెటోక్లోప్రమైడ్ అని ఉంది. ఆటో ఎక్కించి, దారిలోనే ప్రార్థన చేసుకుంటూ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు విరుగుడు సూది వేశాక అరగంటలో మెడ నిలబడింది. ఆ మందు కొందరికి, ముఖ్యంగా పిల్లలకు, యౌవనస్థులకు అలా చేస్తుందట. ప్రియులారా, ఇలాంటిది చూస్తే వేపమండలు వెతక్కండి. వేసిన మందు చీటీ పట్టుకుని ఆసుపత్రికి పదండి.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం పొలంలో ఉంది. మందు కొట్టిన మనిషికి వికారం వస్తే అది ఎండకో పైత్యానికో వచ్చిందనుకుని, ఒక బిళ్ళ మింగి మళ్ళీ స్ప్రేయర్ భుజాన వేసుకుంటున్నారు. వాంతి అనేది చాలాసార్లు ఒంట్లోకి విషం వెళ్ళిందని చెప్పే కబురు. బిళ్ళ ఆ కబురును ఆపగలదు గానీ విషాన్ని ఆపలేదు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు పత్తి పల్లెల్లో పరిశోధకులు ఒక సీజనంతా రైతుల ఆరోగ్యం గమనించారు. నమోదైన 323 సందర్భాల్లో 83.6 శాతం వాటిలో విష లక్షణాలు కనబడ్డాయి. కొందరి పరిస్థితి చాలా తీవ్రమైనా ఒక్కరూ ఆసుపత్రికి వెళ్ళలేదు. మందు కలిపి ట్యాంకు నింపే ఆడవాళ్ళకు కూడా కొట్టేవాళ్ళంత ప్రమాదమూ ఉందని అందులో తేలింది. అక్కలారా, ఇది మీ మాటే.

కాబట్టి వికారంతో పాటు చెమటలు, నోట చొంగ, చూపు మసక, కంటిపాప చిన్నదవడం, కండరాలు అదరడం, ఆయాసం ఉంటే బిళ్ళ కోసం చూడకండి. పని ఆపండి, బట్టలు మార్చి సబ్బుతో ఒళ్ళు కడగండి, 108కి ఫోను చేయండి. మందు డబ్బా కూడా వెంట తీసుకెళ్ళండి. దాని పేరు చూస్తేనే డాక్టరుకు విరుగుడు తెలుస్తుంది. బలవంతంగా వాంతి చేయించకండి.

ఇంకొన్ని మాటలు. 'గ్యాస్ బిళ్ళ' అని ఏళ్ళ తరబడి పరగడుపున వేసుకునే గొట్టం బిళ్ళ పేరు చివర 'డి' ఉంటే, అందులో సాధారణంగా ఉండేది డోంపెరిడోన్. అదీ వాంతుల మందే. గుండె లయ తప్పే ప్రమాదం ఉందని 2014లో యూరప్‌లో దాన్ని మామూలుగా వారానికి మించి వాడొద్దన్నారు. ఒండాన్‌సెట్రాన్ కూడా గుండె జబ్బున్నవారు డాక్టరును అడిగే వాడాలి. ప్రయాణానికి వేసుకునే ప్రోమెథజీన్ మత్తు తెస్తుంది. అది వేసుకుని ట్రాక్టర్ నడపకండి, రెండేళ్ళలోపు బిడ్డలకు అసలు ఇవ్వకండి. పెద్దల బిళ్ళ విరిచి పిల్లలకు పెట్టకండి, వారి మోతాదు బరువును బట్టి ఉంటుంది. బిడ్డ వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, ఓఆర్‌ఎస్ నీళ్ళు చెంచా చెంచాగా పట్టండి. గర్భిణులు డాక్టరమ్మ చెప్పిందే వేసుకోవాలి.

వాంతిలో రక్తమో ఆకుపచ్చ పసరో పడినా, తలకు దెబ్బ తగిలాక వాంతులైనా, గుండె బరువుతో చెమట పట్టినా, బిడ్డకు మూత్రం ఆగినా ఇంట్లో బిళ్ళతో కాలం గడపకండి.

వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత స్త్రీల సమాజంలో దీని గురించి మాట్లాడుకుందాం. మీ ఇంట్లో ఉన్న బిళ్ళల అట్టలు, పురుగుమందు డబ్బాల మీది కాగితాలు తీసుకురండి. చదువుకున్న మన పిల్లలు పేర్లు చదివి చెబుతారు, తెలియనివి ఏఎన్‌ఎమ్ అమ్మను అడుగుదాం.

మన దేహాలు దేవుడిచ్చినవి. అవి మొరపెట్టినప్పుడు ఆలకించే బుద్ధి ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.