మట్టి బురుజు మీద గాలిపటాలు

ఖిదిర్‌పూర్ రేవు దాటి పడమరగా సాగితే హుగ్లీ ఒడ్డున మెటియాబ్రుజ్ వస్తుంది. పేరు మనకు కొత్తది కాదు, మట్టి బురుజే. 1856లో రాజ్యం పోగొట్టుకొని కలకత్తా చేరిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా ఇక్కడ చిన్న లక్నోనే నిర్మించుకొన్నాడు. 1887లో ఆయన మరణానంతరం ఆ వైభవంలో అధికభాగం కనుమరుగైనది. ఆయన సమాధి గల సిబ్తైనాబాద్ ఇమాంబరా నిలిచియున్నది. నేడు ఈ పేట దర్జీలది. కుట్టుమిషను చప్పుడు వినబడని సందు మాకు తగలలేదు.

మేము విద్యుత్ప్రసార శాఖవారము గనుక మా చూపు పైకే పోయినది. పిట్టగోడల ప్రక్కనే తీగలు, తీగలకు చిక్కిన గాలిపటాలు! ఆ సరదా నవాబుతోబాటు లక్నో నుండి వచ్చినదని ఇక్కడ చెప్పుకొంటారు. సెప్టెంబరులో విశ్వకర్మ పూజనాడు కలకత్తా ఆకాశమంతా వాటిదే.

ఇంత ఇరుకైన పేటల మీదుగా అదనపు విద్యుత్తు తేవలసివస్తే ఎట్లు? 132 కె.వి. లైనుకు 27 మీటర్ల వెడల్పు దారి కావలెను. ఎవరి ఇల్లు తొలగింతుము? భూగర్భ కేబులుకు ఖర్చు అనేక రెట్లు. పాత టవర్లమీదనే ఎక్కువ కరెంటు పంపితే ఉక్కు కోరు గల ఎ.సి.ఎస్.ఆర్. వాహకం వేడెక్కి వ్రేలాడుతుంది. నేల నుండి 6.1 మీటర్ల ఎడమునకు తగ్గరాదు గదా!

కాంపోజిట్ కోరు వాహకం ఈ చిక్కుకే పుట్టినది. ఉక్కుకు బదులు ఎపాక్సీతో బంధించిన కార్బన్ నారల కడ్డీ, దానిపై గాజు నార పొర, ఆపైన మెత్తబరచిన అల్యూమినియం తీగలు. కార్బను అల్యూమినియమును తాకితే తేమలో అల్యూమినియం తినివేయబడుతుంది. గాజు పొర అందుకే. వేడికి ఉక్కు సాగే దానిలో ఏడవ వంతైనా ఈ కడ్డీ సాగదు. 180 డిగ్రీల వరకు పనిచేస్తూ, పాత టవర్లమీదనే సుమారు రెట్టింపు కరెంటు మోయగలదు. అయితే తీగ నిరోధం మారకున్నా రెట్టింపు కరెంటుకు నష్టం నాలుగింతలు. వేడికి నిరోధమూ పెరుగును. ధర కూడా ఎక్కువే. బయలు పొలాలలో మేమైతే దీనిని కోరము. ఇళ్ల నడుమ లైన్లకు తప్పక కోరుతాము.

గాలిపటపు వెదురు బద్ద కూడ నారల కట్టే. లాగితే ఓర్చుకొనును, అతిగా వంచితే చిట్లును. ఈ కడ్డీ గుణమూ అంతే. తీగ లాగేటప్పుడు చిన్న కప్పీ వాడితే లోపల చిట్లవచ్చు; పైన అల్యూమినియం చెక్కుచెదరక కనబడుతుంది. కొంతకాలానికి అది ఎవరి మేడమీదనో తెగిపడవచ్చును. కనుక కప్పీల వ్యాసమును, వంపు కోణమును లాగుట మొదలుకాక మునుపే కొలిచి చూచుకొనవలెను.