చామనఛాయకి వాణిశ్రీ కాటుక

శుక్రవారం నేను ఆఫీసుకి స్కూటీ మీద రాను, మెట్రోలో వస్తాను. పెట్రోలు ఆదా కోసం కాదు. ఆ రోజు వేసుకునే కొప్పు హెల్మెట్‌లో పట్టదు!

అది మామూలు కొప్పు కాదు మరి, వాణిశ్రీ కొప్పు. 1971లో ‘దసరా బుల్లోడు’, ‘ప్రేమ్‌నగర్’ ఒకే ఏడాది వచ్చాయి. అప్పటికి మా అమ్మమ్మకి పందొమ్మిదేళ్లు. తెనాలిలో ‘ప్రేమ్‌నగర్’ నాలుగుసార్లు చూసిందట. అందులో వాణిశ్రీ పాత్ర పేరు లత. మొదట ఎయిర్ హోస్టెస్, తర్వాత నాగేశ్వరరావు దగ్గర సెక్రటరీ. ‘‘ఉద్యోగం చేసుకునే పిల్ల. అంత పెద్ద కొప్పు, కళ్లకి ఇంత పొడుగు కాటుక, ఎవరి ముందూ తల దించదు. మాకు అదే కొత్త’’ అంటుంది అమ్మమ్మ. కథ ఎక్కడైనా మర్చిపోతుందేమో గానీ, ఏ సీన్లో ఏ చీరో మాత్రం ఇప్పటికీ చెప్పేస్తుంది.

రీల్స్‌లో ‘రెట్రో లుక్’ అని వెతికితే మీకు వాణిశ్రీ రాదు. చుక్కల గౌను, అలలు తిరిగిన జుట్టు, రక్తం లాంటి ఎర్ర లిప్‌స్టిక్... అంతా హాలీవుడ్డే. నేనూ సరదాగా వేసుకుని చూశాను. బాగానే ఉంది గానీ, ఫొటోలో లిప్‌స్టిక్ ఎక్కడుందో వెతుక్కోవాల్సొచ్చింది. ఎందుకలా అని కుతూహలం పుట్టింది. ఇంజనీరింగ్ చదివిన పాపానికి లెక్కేయకుండా ఉండలేం కదా.

కలర్ ఫొటోని బ్లాక్ అండ్ వైట్ చేయడానికి ఒక పాత సూత్రం ఉంది. ప్రతి చుక్కలో ఉన్న ఎరుపుని 0.299తో, ఆకుపచ్చని 0.587తో, నీలాన్ని 0.114తో గుణించి కూడాలి. సున్నా వస్తే నలుపు, 255 వస్తే తెలుపు. నా సెల్ఫీ మీద పైథాన్‌లో ఇది నడిపితే చెంప 96 దగ్గర, ఎర్ర పెదవి 70 దగ్గర తేలాయి. తేడా పాతికే! నాకంటే బాగా తెల్లగా ఉండే ఫ్రెండ్ అదే లిప్‌స్టిక్ వేసుకుని ఫొటో ఇచ్చింది. ఆమె చెంప 200 దాటింది. అందుకే ఆమె ముఖంలో ఎర్ర పెదవి అరిచి చెబుతుంది, నా ముఖంలో గొణుగుతుంది. ఇక నా కళ్ల దగ్గరికి వస్తే, కాటుక గీత 20, పక్కనే కంట్లోని తెలుపు 190. ఎక్కడి 25, ఎక్కడి 170!

అంటే నా ముఖంలో చెప్పుకోదగ్గ సంగతంతా కళ్ల దగ్గరే ఉందన్నమాట. వాణిశ్రీది కూడా చామనఛాయే. ఆ పొడుగు కంటి గీత, పైకెత్తిన కొప్పు, నిండు బొట్టు... ఇవన్నీ చూపుని ఎక్కడ నిలబెడుతున్నాయో ఒకసారి గమనించండి. పైథాన్ అక్కర్లేకుండానే ఆ లెక్క ఎవరికో బాగా తెలుసు.

ఇదంతా ఉత్త స్టైల్ గొడవ అయితే ఇక్కడితో ఆపేద్దును. కానీ పోయినేడాది మా అమ్మ నన్ను ఒక ఫొటో స్టూడియోకి తీసుకెళ్లింది, సంబంధాల కోసం. వారం తర్వాత ఫొటోలు వచ్చాయి. ముఖం పాలమీగడ. మెడ దాకా బానే దిద్దాడు, చేతులు మర్చిపోయాడు. పట్టుచీర మీద నా గోధుమరంగు చేతులు వేరే ఎవరివో తెచ్చి అతికించినట్టున్నాయి. అమ్మ మాత్రం ‘‘చేతులెవరు చూస్తార్లే’’ అని ఆ ఫొటోనే పంపించేసింది. పెళ్లిచూపులకి వచ్చినావిడ కాఫీ తాగుతూ, ‘‘ఫొటోలో కొంచెం రంగు ఎక్కువ కనిపించిందండీ’’ అంది. నాతో కాదు, అమ్మతో. నేను అక్కడే, రెండడుగుల దూరంలో కూర్చుని ఉన్నాను. అమ్మ ఏమీ మాట్లాడలేదు. వాళ్లు వెళ్లాక కప్పులు కడుగుతూ చాలాసేపు వంటింట్లోనే ఉండిపోయింది.

ఆ రాత్రి అమ్మమ్మ తన ట్రంకు పెట్టె తెరిపించింది. పాత చీరల మధ్య, కాగితంలో చుట్టి ఒక సవరం. దాంతో పాటు నలుపు తెలుపులో ఒక ఫొటో. 1973లో తీయించుకున్నదట. వాణిశ్రీ కొప్పు, వాణిశ్రీ కాటుక, మోచేతుల దాకా జాకెట్టు. నాకంటే ఒక చాయ తక్కువే ఆవిడ. ‘‘మీ తాతయ్యకి పంపింది ఈ ఫొటోనే. స్టూడియోవాడు పౌడర్ రాసుకోమన్నాడు. నాకొద్దన్నా’’ అంది. అంతే చెప్పింది.

ఆ రోజులన్నీ బంగారం అని నేననను. సావిత్రి, జమునల అసలు రంగు ఏమిటో నలుపు తెలుపు తెర మీద మనకి తెలియనే తెలియదు. పాన్‌కేకూ, పెద్ద పెద్ద లైట్లూ కలిసి అందరినీ తెల్లగానే చూపించేవి. 1957 నాటి ‘మాయాబజార్’కి 2010లో రంగులేశారు కదా, అందులో శశిరేఖ చెంపకున్న రంగు కూడా కంప్యూటర్ ముందు కూర్చుని ఎంచుకున్నదే. తెల్లగా చేసే పిచ్చి మొన్న స్టూడియోవాడితో మొదలవలేదు. కానీ ఒక్క తేడా ఉంది. రంగులేని తెర మీద ముఖాన్ని గీతలతోనే చెప్పాలి: కనుబొమ్మ వంపు, కంటి చివర తోక, పాపిడి, ‘శ్రీకృష్ణ తులాభారం’లో జమున వాలుజడ. ఆ గీతల్ని ఏ చాయ మీదైనా గీసుకోవచ్చు. నేను పాతకాలం నుంచి తెచ్చుకున్నది అదొక్కటే. పాన్‌కేక్‌ని అక్కడే వదిలేశాను.

ఫౌండేషన్ సంగతి మాత్రం చెప్పాలి, చాలామందికి ఇక్కడే చిరాకు. షాపులో ప్రతిసారీ ‘‘రెండు షేడ్లు లైట్‌గా తీసుకోండి మేడమ్, బ్రైట్‌గా ఉంటారు’’ అంటారు. మనం బ్రైట్‌గా ఉండం, బూడిద పూసుకున్నట్టు ఉంటాం. చాలా ఫౌండేషన్లలో, పౌడర్లలో టైటానియం డయాక్సైడ్ అనే తెల్లటి పదార్థం ఉంటుంది. మన చర్మం మీద అది పాలిపోయిన బూడిదరంగులా తేలుతుంది. ఫ్లాష్ పడితే ఇక చెప్పక్కర్లేదు. షేడ్‌ని మణికట్టు మీద కాదు, దవడ దగ్గర రాసుకుని, షాపు బయటికొచ్చి ఎండలో చూసుకోండి. కనపడకుండా కలిసిపోయిందే మీది.

కొప్పు అమ్మమ్మే నేర్పింది. నడినెత్తి మీది జుట్టు పాయ తీసి, కుదుళ్ల వైపుకి వెనక్కి దువ్వి ఉబ్బించాలి. సవరాన్ని చుట్టగా చుట్టి అక్కడ పిన్నులతో బిగించి, పైన సొంత జుట్టు కప్పి నున్నగా దువ్వాలి. మొదటిసారి నలభై నిమిషాలు పట్టింది. ఇప్పుడు పన్నెండు. మధ్యలో అమ్మమ్మ ‘‘కదలకే పిల్లా’’ అని దువ్వెనతో ఒక్కటి వేస్తుంది, ఆ టైమ్ కూడా కలుపుకునే. కాటుకకి మామూలు పెన్సిల్, పైన నల్ల లైనర్. కన్ను మధ్య నుంచి మందంగా మొదలుపెట్టి, కన్ను అయిపోయాక కూడా చెవి వైపు ఒక గింజంత దూరం లాగుతాను. లిప్‌స్టిక్ ఇటుక రంగు, పేరుకే.

మొదటి శుక్రవారం వీడియో కాల్‌లో మా మేనేజర్ ‘‘ఇంట్లో ఏదైనా ఫంక్షనా?’’ అనడిగారు. లేదండీ అన్నాను. కాల్ యాప్‌లో ముఖాన్ని నునుపు చేసే సెట్టింగ్ ఒకటి ఉంటుంది, అది ఆన్‌లో ఉంటే కాటుక అంచు కరిగిపోయినట్టు కనపడుతుంది. ఆపేశాను. ఆపాక నా బుగ్గ మీది మొటిమ మచ్చ కూడా మీటింగ్‌కి హాజరైంది.

గత నెల సంబంధాల కోసం మళ్లీ ఫొటో కావాలంది అమ్మ. ఈసారి స్టూడియోకి వెళ్లలేదు. పొద్దున్న తొమ్మిదింటికి మా బాల్కనీలో, అమ్మమ్మ ఆకుపచ్చ వెంకటగిరి చీరలో, కొప్పుతో, కాటుకతో నా ఫోన్‌లోనే తీయించుకున్నాను. ఫిల్టర్ లేదు. అమ్మ చాలాసేపు జూమ్ చేసి చూసింది. ‘‘కొంచెం బ్రైట్‌నెస్...’’ అని మొదలుపెట్టి, అమ్మమ్మ వైపు చూసి ఆపేసింది. అమ్మమ్మకి నచ్చనిది ఒక్కటే, బొట్టు ఇంకో గింజంత పైన ఉండాల్సిందట.

ఫొటో వెళ్లింది. మర్నాడు సాయంత్రం ఒకరి నుంచి మెసేజ్: ‘‘అమ్మాయి కలర్ ఎలా ఉంటుందండీ?’’

అమ్మ కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైప్ చేసింది: ‘‘ఫొటోలో ఉన్నదేనండీ.’’

నీలం టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు.