ఓడరేవు మాటలు, దీవి మాటలు

జీఆర్ఈ వంటి ప్రవేశ పరీక్షకు పూనుకున్న విద్యార్థులు చాలామంది ఒక ఇంగ్లిషు మాటకు ఒక తెలుగు అర్థం చొప్పున వందల మాటలను వల్లె వేస్తారు. 2011 ఆగస్టులో ఆ పరీక్ష నుంచి వ్యతిరేకపదాలనూ, సాదృశ్యాలనూ, అంటే ఒక జంట పదాల మధ్య ఉన్న సంబంధాన్నే మరొక జంటలో పోల్చుకోమనే ప్రశ్నలనూ తొలగించి, సందర్భాన్ని బట్టి వాక్యంలోని ఖాళీలను పూరించడానికి పెద్దపీట వేసినా ఆ అలవాటు పోలేదు. ఇలా నేర్చిన మాటకు చుట్టాలు ఉండవు కనుక అది త్వరగా మరపున పడుతుంది. మాటను దాని ధాతువుతో, అంటే అది పుట్టిన మూలరూపంతో కలిపి నేర్చుకోవడమే మేలు.

ఈ పద్ధతికి అండమాన్ దీవులంత అనువైన చోటు అరుదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లోని 3.8 లక్షల జనంలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వచ్చిన కుటుంబాల పిల్లలు ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, పాఠ్యపుస్తకంలో ఇంగ్లిషు వింటూ చదువుతూ పెరుగుతారు. ఓడ రాకపోకల మీద బతుకు ఆధారపడిన ఆ ఊళ్లలో ‘ఆపర్చ్యూన్’ అన్న మాట ఎంతో తేలికగా పట్టుబడుతుంది, ఎందుకంటే లాటిన్‌లో అది మొదట ఓడను రేవు వైపు నడిపించే గాలిని చెప్పిన మాట; అనుకూల సమయమన్న నేటి అర్థం ఆ గాలి తెచ్చినదే. 2024లో శ్రీ విజయపురంగా మారిన పోర్ట్ బ్లెయిర్ పాత పేరులోని ‘పోర్ట్’ కూడా ఆ ధాతువుదే. 1858లో అక్కడ వెలసిన శిక్షా స్థావరాన్ని సూచించే ‘పీనల్’, శిక్ష తప్పించుకోవడాన్ని చెప్పే ‘ఇంప్యూనిటీ’ ఒకే కుదుటి నుంచి వచ్చాయి.

అయితే ‘ఇన్సులర్’ దగ్గర కొంచెం నిలవక తప్పదు. లాటిన్ భాషలో ‘ఇన్సులా’ అంటే దీవి; ఒంటరిగా వేరుచేయడమనే ‘ఐసొలేట్’, విద్యుత్తును అడ్డుకునే ‘ఇన్సులేట్’, మూడు వైపులా నీరున్న భూభాగమనే ‘పెనిన్సులా’ అన్నీ దాని సంతానమే. కానీ పరీక్షలో ‘ఇన్సులర్’ కనిపిస్తే చాలాసార్లు తీసుకోవలసిన అర్థం సంకుచితత్వం, తన గిరి దాటి చూడలేకపోవడం. బెంగాలీ, తమిళం, మలయాళం, నికోబారీ మాట్లాడే ఇరుగుపొరుగుతో హిందీలో కలిసిపోయి, ఇంటికి రాగానే తెలుగులోకి మళ్లే పిల్లకు ఈ నింద ఏ విధంగానూ వర్తించదు. అది దీవి అంటే బయటి ప్రపంచంతో సంబంధం తెగిన చోటన్న ఊహ నుంచి మాటకు అంటుకున్న అర్థం. మార్కుల కోసం ఆమె ఆ అర్థాన్నే గుర్తించవలసి ఉన్నా, అది ఏ ఊహ నుంచి పుట్టిందో తెలిసి గుర్తించడం వేరు. సంస్కృతం నుంచి తెలుగులోకి వచ్చిన ‘ద్వీపం’ అన్న మాటకు రెండు వైపులా నీరు గలదని వ్యుత్పత్తి. అందులో నీటి ప్రస్తావనే తప్ప అక్కడి మనుషుల మీద ఏ తీర్పూ లేదు.